చారలు ఊలులో ఉండవు

పోయినేడాది జనవరిలో, అమెరికాలోని మినియాపోలిస్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఒక మఫ్లర్ అల్లాను. బయట మైనస్ 20. ఆకుపచ్చ మెల్లగా నీలంలోకి దిగి, నీలం ఊదాలోకి జారి, అక్కణ్ణుంచి ముదురు గులాబీకి వెళ్ళే ఊలు. అల్లడం అయ్యాక వీడియో కాల్‌లో మా మరదలికి చూపించాను. దగ్గరగా పెట్టమంది, దూరంగా పెట్టమంది, తిప్పి వెనకవైపు చూపించమంది. అంతా చూశాక, "రంగులు భలే ఉన్నాయి వదినా. కానీ ఇందులో మీ పనేముంది? రంగులన్నీ ఊలులోనే వచ్చేశాయి కదా. మీరు అటూ ఇటూ అల్లుకుంటూ పోయారు, అంతేగా" అంది.

మా మరదలు ఎవరి మనసూ నొప్పించే మనిషి కాదు. నరసాపురంలో పుట్టింది, నరసాపురంలోనే మా తమ్ముణ్ణి చేసుకుంది. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ చేతిలో లేసు సూది ఉంది. చీకట్లో కూడా గొలుసు కుట్టు తప్పకుండా వేస్తుంది. అలాంటి మనిషి "మీ పనేముంది" అంటే, ఏదో అందిలే అని వదిలేయలేకపోయాను. ఆ తర్వాత ఇదే మాట ఇంకా చాలామంది నోట విన్నాను. ఆఖరికి ఊలు అమ్మేవాళ్ళు కూడా అదే చెబుతున్నారు. మీరు అల్లుకుంటూ పొండి, డిజైన్ సంగతి ఊలు చూసుకుంటుంది అని. ఈ మాట తప్పు అని నా నమ్మకం. ఎందుకు తప్పో కాస్త వివరంగా చెప్పుకోవాలని ఉంది. ఇంట్లో సూదులూ ఊలూ ఉన్నవాళ్ళకి పనికొచ్చే లెక్కలు కూడా ఇందులో కొన్ని ఉన్నాయి.

ముందు మా ఊరి సంగతి. గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారు. అది అక్కడే నిలిచిపోయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏ అరుగు చూసినా ఇదే పని. ఒళ్ళో తెల్ల గుడ్డ, దాని మీద తెల్ల దారం, వేళ్ళ మధ్య సన్నటి సూది. దారం ఎప్పుడూ తెలుపే, లేదంటే మీగడ రంగు. మా అమ్మ రంగు దారం ముట్టుకునేది కాదు. "రంగుంటే కన్ను రంగు మీదకే పోతుందే, కుట్టెవరు చూస్తారు" అనేది.

అమ్మ మాట నిజం. ఆ నిజం నాకు ఆలస్యంగా, బోలెడు డబ్బు పోశాక అర్థమైంది.

పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక రెండు సూదుల అల్లిక నేర్చుకున్నాను. పక్క క్వార్టర్‌లో ఉండే పంజాబీ ఆవిడ నేర్పింది. అందుకే ఈ అల్లికలోని రెండు మూల కుట్లని నాకు ఇప్పటికీ నిట్, పర్ల్ అనడం కంటే సీదా, ఉల్టా అనడమే అలవాటు. అప్పట్లో మాకు దొరికింది వర్ధమాన్ ఊలు, లూధియానా నుంచి వచ్చేది. ఒంటి రంగు ఊలుతో పిల్లలకి స్వెట్టర్లు అల్లాను, టోపీలు అల్లాను. షాపులో షేడెడ్ ఊలు కూడా ఉండేది గానీ అందులో జానెడుకో రంగు మారేది. అల్లితే ఉప్మాలో పోపు గింజల్లా అన్నీ కలిసిపోయేవి. నాకు నచ్చలేదు, వదిలేశాను.

మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళినప్పుడు ఆరు నెలలు ఉన్నాను. అక్టోబర్‌లో వెళ్తే మార్చి దాకా. మంచు పడ్డాక ఇంట్లోంచి అడుగు బయటపెట్టడానికి లేదు. మనవరాలు పడుకున్నప్పుడు ఏదో ఒకటి చెయ్యాలి కదా అని అమ్మాయి నన్ను ఊలు షాపుకి తీసుకెళ్ళింది. అలాంటి షాపు నేను అంతకు ముందు చూడలేదు. గోడల నిండా గూళ్ళు, గూళ్ళ నిండా ఊలు. చలి దేశాల్లో దీని మీద ఎంత ప్రేమో ఆ గోడలు చూస్తే తెలిసింది. అక్కడ రెండు రకాలు కొన్నాను. ఒకటి చేత్తో రంగు అద్దిన ఊలు చిలప, తేనె రంగు, గోధుమ రంగు, మధ్యలో లేత ఆకుపచ్చ. రెండోది జపాన్‌లో ఐచి ప్రాంతం నుంచి వచ్చే నోరో ఊలు ఉండ, 50 గ్రాములు, 100 మీటర్లు. దాని రకం పేరు కురెయాన్. క్రేయాన్ అనే మాటని జపాన్ వాళ్ళు అలా పలుకుతారట. పిల్లల రంగు పెన్సిళ్ళ పేరు ఊలుకి పెట్టుకున్నారని అమ్మాయి చెబితే ముచ్చటేసింది.

చిలపతో మొదలుపెట్టాను. అదంత అందంగా ఉంది కాబట్టి దానికి తగ్గ పనితనం చూపించాలనుకున్నాను. ఆకుల డిజైన్ ఎంచుకున్నాను. ఒక్కో ఆకుకి పద్నాలుగు వరసలు, ప్రతి వరసలోనూ రెండు కుట్లు కలపడం, సూది మీద దారం వేసి రంధ్రం వదలడం. నరసాపురం చేతికి అది కష్టం కాదు. జానెడు అల్లాక లైటు కింద పరిచి చూశాను. ఒక్క ఆకు కూడా కనపడలేదు. దానికి తోడు ఎడమ అంచు వెంబడి గోధుమ రంగు మరక, తడి గోడ మీద చెమ్మ దిగినట్టు. రెండు రాత్రుల పని. దాన్ని అలా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో నాకు అంతుపట్టలేదు.

అంతుపట్టింది మూడో రోజు. ఇంకా వాడని చిలపని మోకాళ్ళకి తగిలించి చూస్తే తెలిసింది. చిలపంటే పెద్ద వలయం. రంగు అద్దేవాళ్ళు ఆ వలయాన్ని పరిచి ఒక పక్క గోధుమ రంగు, ఇంకో పక్క తేనె రంగు పోస్తారు. అంటే వలయం ఒక చుట్టు తిరిగేసరికి రంగులన్నీ ఒకసారి వస్తాయి, మళ్ళీ మొదటికొస్తాయి. టేపు పెట్టి కొలిస్తే నా చిలప చుట్టు 150 సెంటీమీటర్లు. ఇటు నా మఫ్లర్ వెడల్పు 23 సెంటీమీటర్లు. అల్లికలో దారం వంపులు తిరుగుతూ పోతుంది కాబట్టి ఒక వరసకి వెడల్పు కంటే మూడు రెట్లకి పైనే దారం పడుతుంది. నాకు వరసకి 75 సెంటీమీటర్లు పట్టింది. పోయేటప్పుడు 75, వచ్చేటప్పుడు 75. సరిగ్గా ఒక చుట్టు! గోధుమ రంగు ప్రతిసారీ వరస తిరిగే చోటే, అదే ఎడమ అంచు దగ్గరే దిగుతోంది. వాన నీళ్ళు పల్లం చూసుకుని నిలిచినట్టు రంగు అక్కడే మడుగు కట్టింది.

విప్పేశాను. ఆకులు తీసేసి, ఇంకో ఆరు కుట్లు కలిపి, మామూలు సీదా అల్లిక మొదలుపెట్టాను. వరసకి 88 సెంటీమీటర్లు పట్టడం మొదలైంది. ఇప్పుడు పోయి వచ్చేసరికి చుట్టు దాటి మరో జానెడు ముందుకి పోతోంది. గోధుమ రంగు ఒకచోట నిలవకుండా బట్టంతా చెదిరి, తేనె రంగు మీద చినుకులు పడ్డట్టు వచ్చింది. అదే చిలప, అవే సూదులు, అవే చేతులు. మారింది ఆరు కుట్లు.

మా మరదలు అడిగిన "మీ పనేముంది"కి జవాబు ఆ ఆరు కుట్లలో ఉంది. ఊలులో రంగుల వరస ఉంటుంది. చారలుండవు, చినుకులుండవు, మడుగులూ ఉండవు. అవి వెడల్పులోంచి వస్తాయి. వెడల్పు ఎంతో తేల్చేది అల్లే మనిషి.

దీన్ని ఇంకా బాగా చూపించేది రెండోది, నోరో ఉండ. చిలపకి వడికిన తర్వాత రంగు వేస్తారు. నోరో లాంటి ఊలుకి అలా కాదు, వడకక ముందే ఉన్నికి రంగులు వేసి, ఆ రంగు ఉన్నిని ఒకదాని తర్వాత ఒకటి పేర్చి వడుకుతారు. అందుకే అందులో ఒక్కో రంగు మీటర్ల కొద్దీ సాగుతుంది, రంగు మారే చోట గీత గీసినట్టు ఉండదు. ఆ మారే చోటు నాకెంత ఇష్టమో చెప్పాలి. ఆకుపచ్చ దారం వస్తూ ఉంటుంది. చూస్తూ ఉండగా అందులో వెంట్రుక లాంటి నీలం పోగు ఒకటి కనిపిస్తుంది. నాలుగు కుట్లు పోయాక మూడు పోగులు. ఆ తర్వాత ఏది ఎక్కువో చెప్పలేం, అది ఆకుపచ్చా కాదు నీలమూ కాదు, పండిన నేరేడు మీద ఉండే బూడిద లాంటి రంగు. ఇంకో పది కుట్లకి మొత్తం నీలం, అందులో ఆకుపచ్చ పోగు ఒక్కటి ఆఖరిసారి తొంగిచూస్తుంది. ఇదంతా ఒక వరసలోపే జరిగిపోతుంది. రాత్రి పన్నెండింటికి "ఇంకొక్క వరస" అనిపించేది దీని కోసమే.

ఆ ఉండని మొదలుపెట్టే ముందు ఈసారి జాగ్రత్తపడ్డాను. హాల్లో నేల మీద మొదటి రంగు అయిపోయేదాకా దారం విప్పి పరిచాను. ఆకుపచ్చ 3.2 మీటర్లు వచ్చింది. దాని తర్వాతిది కాస్త తక్కువ. ఇలాంటి ఊలులో అన్ని రంగులూ ఒకే పొడవు ఉండవు, అది వాటి స్వభావం. 36 కుట్లేసి పది వరసలు అల్లి, విప్పి, పట్టిన దారం కొలిచి పదితో భాగించాను. వరసకి 65 సెంటీమీటర్లు. అంటే 20 సెంటీమీటర్ల వెడల్పు మఫ్లర్‌లో ఆకుపచ్చ ఐదు వరసలు వస్తుంది. నా అల్లికలో రెండు సెంటీమీటర్లు. బొటనవేలంత చార. అదే 45 సెంటీమీటర్ల స్టోల్ అల్లితే వరసకి దాదాపు మీటరున్నర పడుతుంది, ఆకుపచ్చ రెండు వరసలకే అయిపోతుంది, గీత మిగులుతుంది. మెడ దగ్గర మొదలై కిందకి పెరుగుతూ పోయే ముక్కోణపు శాలువా అయితే ఇంకా వింత. మొదట్లో నాలుగైదు కుట్లే ఉంటాయి కాబట్టి ఒకే రంగు అరచేతి మందాన పరుచుకుంటుంది. కింది అంచుకి వచ్చేసరికి మూడొందల కుట్లు. అక్కడ అంతే పొడవున్న రంగు ఒక వరస కూడా పూర్తి చేయలేదు.

ఒకే ఉండ. బొటనవేలంత చార కావాలా, గీత కావాలా, అరచెయ్యంత పట్టీ కావాలా? ఇది ఉండని అడిగితే చెప్పదు.

ఇక్కడ నాకు పోచంపల్లి గుర్తొస్తుంది. అమ్మాయి పెళ్ళి చీరల కోసం భూదాన్ పోచంపల్లి వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో ఆసు పోయడం చూశాను. అర్ధచంద్రాకారపు చట్రానికి మేకులు. ఒక కొస నుంచి మేకు దాకా దారం తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి. ఒక్క చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం కనిపెట్టింది ఈ పనికే. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అలా ఆసు పోసిన, చీరలో అడ్డంగా పడే పేక నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట్ల సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించి కట్టి, రంగులో ముంచుతారు. విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కేసరికి రంగులన్నీ నూలులోనే ఉంటాయి.

అంటే పోచంపల్లి చీర కూడా రంగు మారే దారంతో నేసిందే. మరి నేసే ఆయనతో "రంగులన్నీ నూలులోనే వచ్చేశాయి, ఇందులో మీ పనేముంది" అని ఎవరైనా అంటామా?

మా మరదలికి ఇది చెబితే ఆవిడ ఊరికే ఒప్పుకోలేదు. "అక్కడ చిలక బొమ్మ ఎక్కడ రావాలో ముందే లెక్కేసి కడతారు కదా వదినా. మీ ఊలు ఎవరో కంపెనీ వాళ్ళు రంగేసింది" అంది. సరైన మాట. నేను దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. ఆసు చట్రం వెడల్పు చీర వెడల్పుకి సరిపడా ఉంటుంది. నూలు ఎంత వెడల్పు బట్టలోకి వెళ్తుందో కట్టేవాళ్ళకి ముందే తెలుసు. ఆ నూలునే ఇంకో నాలుగు వేళ్ళు వెడల్పున్న మగ్గం మీద నేస్తే చిలక చిలకలా ఉండదు, ముక్కు ఒకచోట, తోక ఒకచోట పోతుంది. అక్కడ వెడల్పుని పట్టుకునే రంగు నడుస్తుంది. నా ఊలుకి రంగేసిన మనిషికి నేనెవరో తెలియదు, నేను మఫ్లర్ అల్లుతానో మేజోడు అల్లుతానో తెలియదు. పోచంపల్లిలో రంగు కట్టే ముందు జరిగిపోయిన ఆలోచన నా విషయంలో ఇంకా జరగలేదు. అది నేను చెయ్యాలి. చెయ్యకపోతే బట్ట తయారవుతుంది గానీ డిజైన్ తయారవదు.

చిలకలంత కష్టమైన పని నేను చేస్తున్నానని అనడం లేదు. రెండూ ఒకే జాతి పని అంటున్నాను.

ఇక కుట్టు సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. రంగు మారే ఊలుతో కష్టమైన డిజైన్లు అల్లకూడదు. జడలు, ఆకులు, చుక్కల లేసు, ఏవీ వద్దు. రంగు ఒక వైపు లాగుతుంది, కుట్టు ఇంకో వైపు లాగుతుంది, చూసేవాళ్ళకి రెండూ దక్కవు. మా అమ్మ తెల్ల దారం మాటకి ఇది రెండో వైపు. కుట్టు చూపించాలంటే రంగు తగ్గాలి, రంగు చూపించాలంటే కుట్టు తగ్గాలి. చేతనైన పని పక్కన పెట్టి మామూలు సీదా వరసలు అల్లడానికి ఎంత నిగ్రహం కావాలో లేసు అల్లినవాళ్ళకే తెలుస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. అలలుగా వచ్చే డిజైన్, నెమలి ఈక అంటారు చూడండి, అది మాత్రం పొడుగు రంగుల ఊలుతో బాగుంటుంది. అక్కడ కుట్టు చారని వంచుతుంది తప్ప చారతో పోటీపడదు.

నాకు అన్నిటికంటే నచ్చింది రెండు ఉండల మఫ్లర్. ఒకే ఊలు రెండు ఉండలు, లేదా రెండు వేరే వేరే షేడ్లు తీసుకుని, దీంతో రెండు వరసలు దాంతో రెండు వరసలు అల్లుకుంటూ పోవడం. ఒకటి సీదా ఒకటి ఉల్టా, అంతకంటే ఏమీ వద్దు. ఇంగ్లీషు వాళ్ళ దేశాల్లో ఇది ఎప్పటినుంచో అల్లుతున్నారు, కొన్ని వేల మంది అల్లి ఉంటారు. అయినా ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఎందుకంటే రెండు ఉండల్లో రంగులు వేరే వేరే వేగంతో నడుస్తాయి. ఒకదాంట్లో నారింజ నడుస్తుంటే రెండోదాంట్లో నీలం మొదలై ముగిసిపోతుంది. కాసేపు పసుపూ ఊదా పక్కపక్కన పడి కన్ను చెదిరేలా ఉంటాయి. ఇంకో బెత్తెడు పోయాక రెండు ఉండలూ ఆకుపచ్చలోకి వచ్చి, చారలు మాయమై ఒకే రంగు గుడ్డలా అయిపోతుంది. తర్వాత మళ్ళీ విడిపోతాయి. పైగా ఐదు వరసల్లో అయిపోవాల్సిన రంగు మధ్యలో రెండోది చేరడం వల్ల పది వరసల దాకా సాగుతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. అందమైన రెండు ఉండలు ఏరుకుని రెండిటినీ ఒకే రంగు దగ్గర మొదలుపెడతారు. అప్పుడు చాలాసేపు చారలే కనపడవు. ఒకదాన్ని ముదురు రంగు దగ్గర, రెండోదాన్ని లేత రంగు దగ్గర మొదలుపెట్టాలి. దానికోసం కొంత దారం విప్పి పక్కన పెట్టాల్సి వస్తుంది. పర్వాలేదు, చివర్లో వాడుకోవచ్చు. మినియాపోలిస్‌లో నేను అల్లిన రెండో మఫ్లర్ ఇలాంటిదే. నాలుగు ఉండలు పట్టింది.

జర్మనీ వాళ్ళది త్సావుబర్‌బాల్ అని ఇంకో రకం ఉంది. మాయ బంతి అని ఆ పేరుకి అర్థం. అందులో క్రేజీ అనే రకంలో రెండు పోగులు పేని ఉంటాయి, ఒక్కో పోగూ దాని దారిన అది రంగు మారుతుంది. దాంతో పాపకి టోపీ అల్లాను. టోపీలో నేను ఊహించనిది ఒకటి జరిగింది. చుట్టూ తొంభై కుట్లు ఉన్నంతసేపూ చారలు సన్నగా, పొందిగ్గా వచ్చాయి. నడినెత్తికి వచ్చేసరికి కుట్లు తగ్గించాలి కదా. తొంభై అరవై అయింది, ముప్పై అయింది, పది అయింది. కుట్లు తగ్గే కొద్దీ అదే పొడవు రంగు ఎక్కువ చుట్లు తిరగడం మొదలుపెట్టింది. నెత్తి మీద చార కిందవాటికి మూడింతలు. టోపీకి అది బాగుంది, పువ్వు పెట్టినట్టుంది.

గ్లోవ్స్‌కి మాత్రం బాగుండదు. బొటనవేలు విడిగా అల్లేటప్పుడు పదిహేను కుట్లే ఉంటాయి. అరచేతి మీద సన్న చారలు, బొటనవేలు మొత్తం ఒకే పసుపు. వేరే చేతి వేలు తెచ్చి అతికించినట్టు. మా అల్లుడికి అల్లిన జతలో ఇలాగే అయితే వేలు విప్పి, చిన్న చిన్న ముక్కలుగా రంగులు ఏరి మళ్ళీ అల్లాను. కొసలు లోపలికి తోసి కుట్టడానికే ఒక పూట పట్టింది. అతను అది వేసుకుని పొద్దున్నే కారు మీద మంచు గీకుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. జత అంటే గుర్తొచ్చింది, రెండు చేతులూ ఒకేలా రావాలంటే రెండో దాన్ని కూడా సరిగ్గా మొదటిది మొదలైన రంగు దగ్గరే మొదలుపెట్టాలి. మొదటిది మొదలుపెట్టిన చోట రంగు పేరు కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఇంత ఖరీదు పెట్టి కొన్న ఒక ఉండలో, కంపెనీ పేరు చెప్పను, సగంలో ముడి ఉంది. ముడి ఉంటే పోనీలే అనుకోవచ్చు. కానీ నారింజ నడుస్తుండగా ముడి, ముడి అవతల బూడిద రంగు. రంగు మెల్లగా మారడం కోసమే కదా ఈ ఊలు కొనేది! గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయింది. నేను నారింజ దగ్గర తెంపి, ఉండ లోపలి కొస నుంచి దారం లాగుతూ పోయి, నారింజ మళ్ళీ దొరికిన చోట అతికించాను. అచ్చమైన ఉన్ని అయితే ముడి అక్కర్లేదు. రెండు కొసలూ పోగులు విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కాస్త తడి చేసి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దాలి. ఉన్నికి పొలుసులుంటాయి, తడికీ వేడికీ రాపిడికీ అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఒత్తి చేసినట్టు చేస్తే సరిపోతుంది. కార్తీక మాసంలో ఒత్తులు చేసిన చేతులకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మన షాపుల్లో దొరికే యాక్రిలిక్‌కి మాత్రం ఇది పనిచేయదు, మెషీన్‌లో ఉతకడానికని పొలుసులు పోగొట్టిన ఉన్నికీ పనిచేయదు.

మా అమ్మాయి అభ్యంతరం వేరు. "అమ్మా, అన్నీ టేపు పెట్టి కొలిచేస్తే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుంది? ఏ రంగొస్తుందో తెలియకపోవడమే కదా మజా" అంది. దాని మాటలోనూ నిజం ఉంది. నేను ఉండ మొత్తం విప్పను. మొదటి రంగు ఒక్కటే కొలుస్తాను, కుట్లు తేల్చుకోవడానికి అంతే చాలు. ఆ తర్వాత ఏ రంగు వస్తుందో ఎంతసేపు ఉంటుందో నాకూ తెలియదు. మనవరాలు ఒళ్ళో పడుకుని ఉండగా చేతులు మాత్రం కదుపుతూ ఊదా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన రాత్రులు ఉన్నాయి. పిల్లకి మూడో నెల వచ్చేసరికి రంగు మారినప్పుడల్లా సూదుల వైపు తిరిగి చూసేది. లేకపోతే నాకలా అనిపించేదేమో. నేను మాత్రం చూసేదనే నమ్ముతున్నాను.

కొనేవాళ్ళకి ఒక్క మాట. ఉండ అందం చూసి కొనకండి. ఉండలో రంగులన్నీ ఒకేసారి కనపడతాయి, అల్లికలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఉండలో గులాబీ పైకి ఉంటే గులాబీ మఫ్లర్ అనుకుని తెచ్చుకుంటాం, తీరా అల్లితే మీటరు పొడవునా బురద రంగు తేలుతుంది. షాపులో చెయ్యి పెట్టి ఉండ లోపలి కొస చూడండి, పక్కన అదే షేడ్ ఉండలు ఇంకో నాలుగు తిప్పి చూడండి. మనం చీర కొనేటప్పుడు మడత విప్పించి కొంగు చూడకుండా కొంటామా?

మార్చిలో తిరిగొచ్చేటప్పుడు మా మరదలికి ఆ రెండు ఉండల మఫ్లర్ తెచ్చాను. నరసాపురంలో మఫ్లర్ ఎవరికి కావాలి అనుకోవచ్చు. ధనుర్మాసంలో గుడికి తెల్లవారుజామున వెళ్తుంది, చెవులకి చలి. పోయిన డిసెంబర్‌లో నేను వెళ్ళినప్పుడు చూస్తే మెడకి అదే ఉంది. ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ చారలు ఎందుకు మాయమైపోయాయి?" అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, నేను మఫ్లర్‌తో పాటు ఇచ్చిన ఇంకో ఉండ, తొమ్మిది నెలలుగా బీరువాలో ఉన్నది, తీసుకొచ్చింది.

"ఎన్ని కుట్లు ఎక్కించమంటారు వదినా?"

ముందు కొలవాలి అన్నాను. వీధి అరుగు మీద కొస తను పట్టుకుంది, నేను ఉండ విప్పుకుంటూ వెనక్కి నడిచాను. తమ్ముడు పేపరు పక్కన పెట్టి చూస్తున్నాడు. లేత నీలం అరుగు దాటింది, మెట్లు దిగింది, తులసి కోట దగ్గరికొచ్చేసరికి అందులో సన్నగా ఒక ఎర్ర పోగు కనిపించింది. ఆగమని చెయ్యి ఊపాను.